నాలుగు క్లిప్పులు విని బేస్ గిటార్ కొనకు

చిరంజీవి శ్రావణికి,

మావయ్య దీవెనలు. బేస్ గిటార్ కొనడానికి నువ్వు పంపిన నాలుగు మోడళ్ల క్లిప్పులూ విన్నాను. ప్రెసిషన్, జాజ్ బేస్, స్టింగ్‌రే, ఆ వయొలిన్ ఆకారంలో ఉండే హాఫ్నర్. "ఏది బాగుందో ఒక్క మాటలో చెప్పు మావయ్యా" అన్నావు. ఒక్క మాటలో అయ్యే పనైతే ఫోన్లోనే చెప్పేవాణ్ణి. డబ్బులు మీ అమ్మవి, వాయించాల్సిన వేళ్లు నీవి. కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఆ ఫోన్ పక్కన పెట్టు. బేస్‌లో లావుపాటి ఇ తీగ వదిలి మీటితే సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఫోన్ స్పీకర్‌కి అంత లోతు స్వరం పలికే శక్తి లేదు. దాని పైన పుట్టే చిన్న స్వరాలు మాత్రమే బయటికి వస్తాయి, వాటిని బట్టి కింద ఉన్న అసలు స్వరాన్ని మన బుర్రే పూరించుకుంటుంది. అంటే నువ్వు పోల్చింది నాలుగు గిటార్ల పై సగాన్ని. పైగా ఆ వీడియోలు తీసినవాళ్లు తీగలు కొత్తవి వేసి, శబ్దం హెచ్చుతగ్గుల్ని సమం చేసే కంప్రెసర్ పెట్టి, అప్పుడు రికార్డు చేసి ఉంటారు. కనీసం మంచి హెడ్‌ఫోన్స్‌తో విను. అసలైతే షాపుకి వెళ్లి ఆంప్‌లో, అంటే గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టెలో విను.

షాపులో మొదట సరిచేయాల్సింది వాల్యూమ్. రెండిట్లో ఏది కాస్త గట్టిగా మోగితే అదే మంచిదనిపిస్తుంది. ఇది నీకూ నాకూ మాత్రమే ఉన్న జబ్బు కాదు. చిన్న శబ్దంలో కింది స్వరాలు మన చెవికి సరిగా ఆనవని, శబ్దం పెంచేకొద్దీ నిండుగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. బేస్ విషయంలో ఈ మోసం మరీ ఎక్కువ. వాల్యూమ్ సమానం చేయకుండా పోల్చడమంటే ఒక పిల్లవాణ్ణి స్టూలెక్కించి ఇద్దరి ఎత్తూ చూడటమే. స్టింగ్‌రే లాంటి యాక్టివ్ బేస్‌లో తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ (ఆంప్‌కి వెళ్లేలోపే శబ్దాన్ని పెంచే సర్క్యూట్) ఉంటుంది, అది సహజంగానే గట్టిగా పలుకుతుంది. దాని పక్కన మామూలు ప్రెసిషన్ పెడితే పాపం నీరసంగా అనిపిస్తుంది. గిటార్ మార్చినప్పుడల్లా ఆంప్ వాల్యూమ్ సరిచేసుకో. ఆంప్ మీద బేస్, మిడిల్, ట్రెబుల్ నాబ్‌లు మధ్యలో పెట్టి, మళ్లీ ముట్టుకోకు. షాపు కుర్రాడు వచ్చి "ఇలా పెడితే సూపర్‌గా ఉంటుంది మేడమ్" అని తిప్పబోతాడు. నవ్వుతూనే వద్దను.

తర్వాత తీగలు. నన్నడిగితే టోన్‌లో ఇవి తెచ్చే తేడా పెద్దది, జనం పట్టించుకునేది తక్కువ. పైన గుండ్రటి సన్న తీగ చుట్టిన రౌండ్‌వౌండ్ తీగలు కొత్తవైతే పియానోలా గణగణమంటాయి. చదునైన పట్టీ చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు నున్నగా ఉండి, ధుమ్ అని మోగి త్వరగా ఆగిపోతాయి. మోటౌన్ అనే అమెరికా రికార్డు కంపెనీ పాటలకి డెట్రాయిట్‌లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ 1962 నాటి ప్రెసిషన్‌కి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసుకుని, అవి తెగితే తప్ప మార్చేవాడు కాదట. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఇప్పుడు అదే మోడల్ కొని, కొత్త స్టీలు తీగలు వేసి, రెండు వేళ్లతో వాయిస్తూ "ఆ టోన్ రావట్లేదేంటి" అనేవాళ్లని చూస్తుంటాను. షాపులో ఒక గిటార్‌కి నిన్న వేసిన తీగలు, ఇంకోదానికి ఏడాదిగా గోడకి వేలాడి తుప్పు పట్టిన తీగలు ఉండొచ్చు. వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది. మీ విశాఖ గాలికి, చేతి చెమటకి తీగల మెరుపు చాలా తొందరగా పోతుంది కూడా. తీగల వయసు వేరైతే ఆ పోలిక తీర్పుకి పనికిరాదు, సుమారుగా విని వదిలెయ్.

ఇప్పుడు అసలు సంగతి, పికప్ (తీగ కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే, తీగల కింద ఉండే అయస్కాంతపు ముక్క) ఎక్కడుందన్నది. తీగ మీటితే అది కింద ఆనే బ్రిడ్జి దగ్గర తక్కువగా, లోపలికి వచ్చేకొద్దీ ఎక్కువగా ఊగుతుంది. అందుకే పికప్ నెక్ (ఎడమచెయ్యి పట్టుకునే పొడవాటి కాడ) వైపు ఉంటే స్వరం గుండ్రంగా, నిండుగా ఉంటుంది. బ్రిడ్జి వైపు జరిగితే గట్టిపడి ముక్కుతో పలికినట్టు అవుతుంది. ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ తెచ్చాడు, 1957లో దానికి రెండు ముక్కల పికప్ పెట్టాడు. లావు తీగలు రెండిటికి ఒక ముక్క, సన్నవి రెండిటికి ఒకటి. వాటిని ఎదురెదురు దిశల్లో చుట్టడం వల్ల గుయ్యిమనే కరెంటు చప్పుడు రద్దయిపోతుంది. ఒకటే వాల్యూమ్, ఒకటే టోన్ నాబ్. పలికేదీ ఒకే గొంతు, కానీ గట్టి గొంతు.

1960లో వచ్చిన జాజ్ బేస్‌కి రెండు పికప్‌లు, రెండు వాల్యూమ్‌లు. నెక్ కూడా పైభాగంలో సన్నం, నీ చేతికి హాయిగా ఉంటుంది. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే పైన మెరుపు, కింద లోతు ఉండి మధ్యలో కొంత ఖాళీ వస్తుంది. ఏదో ఒకటి కొద్దిగా తగ్గించు, ఆ మధ్య భాగం తిరిగి వస్తుంది, దాంతోపాటు గుయ్యిమనడం కూడా కాస్త వస్తుంది. వెనక పికప్ ఒక్కటే పెడితే ఇంకో గిటారే అన్నట్టు ఉంటుంది. జాకో పాస్టోరియస్ అనే బేస్ కళాకారుడు 1962 జాజ్ బేస్‌కి ఫ్రెట్‌లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు) లేకుండా చేసి, ఎక్కువగా ఆ వెనక పికప్‌తోనే పాటలాంటి నాదం తీశాడు. మార్కస్ మిల్లర్ అనే ఇంకో బేస్ కళాకారుడు 1977 నాటి జాజ్ బేస్ మీద బొటనవేలితో కొడుతూ పూర్తిగా వేరే శబ్దం తీశాడు, అందులో తర్వాత పెట్టించిన ప్రీఆంప్ కూడా ఉంది. ఇద్దరివీ జాజ్ బేస్‌లే. "జాజ్ బేస్ టోన్" అని ఎవరైనా అంటే ఎవరి చేతిలోది అని అడుగు.

స్టింగ్‌రే 1976లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీ నుంచి వచ్చింది, అందులోనూ లియో ఫెండర్ చెయ్యి ఉంది. ఒకే పెద్ద పికప్, బ్రిడ్జికి దగ్గరగా. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, నువ్వే గమనిస్తావని చూస్తున్నాను. మనం బొటనవేలు ఆనించేది పికప్ మీదే కదా. ప్రెసిషన్ మీద అది ముందుంటుంది, స్టింగ్‌రే మీద వెనక. అంటే మీటే చోటు కూడా వెనక్కి పోతుంది, అక్కడ తీగ బిగువుగా తగులుతుంది, స్వరం గట్టిపడుతుంది. నీకు వినిపించే తేడాలో కొంత గిటార్‌ది, కొంత నీ చేతిది. అందుకే ప్రతి గిటార్ మీదా ఒకసారి అలవాటుగా వాయించి, ఇంకోసారి ఫ్రెట్‌ల చివర నుంచి ఒకే దూరంలో మీటి చూడు. చెయ్యి నాలుగు వేళ్ల వెడల్పు జరిపితే వచ్చే తేడా ముందు నువ్వు చర్చించుకునే సగం తేడాలు ఆగవు.

హాఫ్నర్ సంగతి క్లుప్తంగా. లోపల బోలు, పొట్టి తీగ. ప్రెసిషన్‌లో తీగ పొడవు 34 అంగుళాలు, దీనిలో 30. తేలిగ్గా ఉంటుంది, ధుమ్ అని మెత్తగా మోగుతుంది. బీటిల్స్ బ్యాండ్‌లోని పాల్ మెకార్ట్‌నీ చేతిలో అద్భుతం. నీకు మొదటి గిటార్‌గా వద్దు.

చెక్క గురించి షాపులో బోలెడు చెబుతారు. ఆల్డర్ అంటారు, యాష్ అంటారు. పికప్, తీగలు, చెయ్యి ఇంత మార్చాక చెక్క తెచ్చే తేడా మిగిలేది చాలా తక్కువని నా అభిప్రాయం, దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టకు. చెక్క నిజంగా బయటపడే చోటు వేరే ఉంది. అన్నిటికన్నా సన్నదైన జి తీగ మీద ఐదో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ దాకా ఒక్కొక్కటే నొక్కి, ఎంతసేపు మోగుతుందో విను. ఈ తరహా నెక్‌లలో అక్కడెక్కడో ఒక స్వరం టప్పున చచ్చిపోవడం మామూలే. కొద్దిగా అయితే సర్దుకుపోవచ్చు, మరీ మూగగా ఉంటే అదే మోడల్‌లో ఇంకోటి తీయించు. ఒకే మోడల్‌లో రెండు గిటార్లు ఒకేలా ఉండవు.

గుయ్యిమనడం గురించి కూడా తొందరపడి తీర్పు చెప్పకు. మన పాత ఇళ్లలో, కొన్ని షాపుల్లో మూడో పిన్నుకి ఎర్తింగ్ ఉండదు. తప్పు ప్లగ్గుది, నింద జాజ్ బేస్‌ది. ఎర్తింగ్ లేని స్టేజీ మీద తీగలు పట్టుకుని మైక్‌కి మూతి ఆనిస్తే షాక్ కొట్టొచ్చు, అది టోన్ కన్నా పెద్ద విషయం. వాయించే ముందు ఎలక్ట్రీషియన్‌ని అడగడానికి మొహమాటపడకు.

వాయించేది ఒకటే లైన్ పెట్టుకో. నీకు బాగా వచ్చిన సినిమా పాట ఏదైనా సరే, ఇళయరాజా పాటైతే మరీ మంచిది. ఆయన బేస్‌కి పాట పక్కన ఇంకో పాటే రాసిచ్చేవాడు. శశిధరన్ వాయించిన ఆ లైన్లలో పైకీ కిందకీ నడక ఉంటుంది, నాలుగు తీగలూ తగులుతాయి. షాపులో అందరూ చేసేది స్లాప్, అంటే బొటనవేలితో తీగని కొట్టి వాయించడం. స్లాప్‌కి ఏ గిటారైనా తళతళలాడుతుంది. తర్వాత మీ తమ్ముణ్ణో ఫ్రెండ్‌నో వాయించమని, నువ్వు వెనక్కి తిరిగి నిలబడి విను. గిటార్ హెడ్ (నెక్ పై చివర) మీద కంపెనీ పేరు కనబడకపోతే చెవి చాలా నిజాయితీగా పని చేస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా సగమే అయినట్టు. ఒంటరిగా తియ్యగా ఉన్న టోన్ బ్యాండ్‌లో మాయమైపోవచ్చు. జాజ్ బేస్ రెండు పికప్‌లూ తెరిచి వింటే షాపులో ముద్దొస్తుంది. మీ ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్, కిక్ డ్రమ్, దానికి తోడు కీబోర్డు అబ్బాయి ఎడమచెయ్యి కలిశాక ఆ మధ్యలో ఉన్న ఖాళీలో నువ్వు మునిగిపోతావు. ప్రెసిషన్ ఒంటరిగా వింటే మొరటుగా, కాస్త బొంగురుగా ఉంటుంది. ఆ బొంగురే షామియానా కింద మూలన కూర్చున్నవాడిదాకా నీ స్వరాన్ని మోసుకెళుతుంది. వీలైతే షాపువాణ్ణి అడిగి డ్రమ్ ట్రాక్, కీబోర్డు మోగిస్తూ వాయించి చూడు. అన్నట్టు, ఆ కీబోర్డు అబ్బాయికి ఎడమచేత్తో కింది స్వరాలు తగ్గించమని చెప్పు. కొత్త గిటార్ కన్నా అది చవక.

నా ఓటు అడిగావు కాబట్టి చెబుతున్నా. నాకు ప్రాణం జాజ్ బేస్. అయినా నీకు ప్రెసిషన్ తరహాదే తీసుకోమంటాను, లేదా ముందు ప్రెసిషన్ పికప్, వెనక జాజ్ పికప్ కలిపిన పీజే. ఎక్కువ నాబ్‌లు లేకపోతే టోన్ వేళ్లతో తీయడం నేర్చుకుంటావు. స్టేజీ మధ్యలో బ్యాటరీ అయిపోయే టెన్షన్ ఉండదు. అసలు ఫెండర్ అక్కర్లేదు, వాళ్లదే చవక బ్రాండ్ స్క్వయర్‌లో, యమహాలో మంచివి దొరుకుతాయి. మిగిలిన డబ్బు ఆంప్‌లో పెట్టు. నాలుగు తీగలు చాలు. ఐదో తీగ కావాలనిపించే రోజు వస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

శనివారం వెళ్లేటప్పుడు నీ కేబుల్, నీ స్ట్రాప్ తీసుకెళ్లు. కూర్చుని కాదు, స్ట్రాప్ వేసుకుని అరగంట నిలబడి వాయించు. భుజం లాగినా, హెడ్ కిందకి వంగిపోతున్నా టోన్ ఎంత బాగున్నా వదిలెయ్. ఒక సెట్టు ఫ్లాట్‌వౌండ్ తీగలు కొరియర్‌లో పంపిస్తున్నాను, కొన్న గిటార్‌కి ముందు ఉన్న తీగలతో ఓ నెల వాయించి తర్వాత ఇవి వేయి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవడం మర్చిపోకు.

మీ మావయ్య