మాస్టారి షెడ్డుకి ఒక స్టాక్ రిజిస్టరు

ప్రశ్న: మాది విజయనగరం, తోటపాలెం. వయసు 43. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను, సీపీఎస్ ఉద్యోగిని, అంటే పాత పెన్షన్ రాదు. చేతికొచ్చే జీతం రూ.71,000. ఇంటి లోన్ ఈఎంఐ రూ.19,400, ఇద్దరు పిల్లల చదువుకి నెలకి రూ.9,000, ఇల్లు గడవడానికి రూ.26,000, మ్యూచువల్ ఫండ్ సిప్‌లు రూ.5,000. బ్యాంకులో రూ.90,000 ఎఫ్‌డీ ఉంది. క్రెడిట్ కార్డు మీద రూ.58,000 బాకీ, నెలనెలా మినిమమ్ కడుతున్నాను. పాత కార్లు బాగుచేసుకోవడమంటే నాకు ప్రాణం. మూడేళ్ల క్రితం పోయిన నాన్నగారి 1997 మారుతి 800 నడుస్తోంది. రెండేళ్ల క్రితం రూ.65,000కి కొన్న ప్రీమియర్ పద్మిని విప్పేసి ఉంది. ఇంటి పక్కన 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు రేకుల షెడ్డు సామాన్లతో నిండిపోయి, మారుతిని వీధిలో పెడుతున్నాను. పెరట్లో ఇంకో షెడ్డు వేసి, రెండు స్తంభాల లిఫ్టు, టూల్ ట్రాలీ పెట్టుకోవడానికి రూ.4 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. 13 శాతం, అయిదేళ్లు అంటున్నారు. చుట్టుపక్కల వాళ్ల కార్లు బాగుచేసి ఈఎంఐ కట్టేయొచ్చని ఆలోచన. మా ఆవిడ మాత్రం "పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చుట్టాలొచ్చేసరికి నడవడానికి దారి ఇవ్వండి, అంతే చాలు" అంటోంది. లోన్ తీసుకోమంటారా?

జవాబు:

మాస్టారూ, లోన్ తీసుకోవద్దు. కార్లు మానమని మాత్రం నేను చెప్పను. నాన్నగారి బండిని ఇన్నేళ్లు నడిచే స్థితిలో ఉంచారంటేనే మీ చేతిలో పనితనం ఉందని తెలుస్తోంది.

మీరు పంపిన ఆరు ఫోటోల్లో నాలుగోదాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశాను. బెంచీ కింద పాత బ్యాటరీ. దాని కింద, ఇంకా కవరు విప్పని హెడ్ గ్యాస్కెట్, ఇంజిన్ పైభాగం అతుకులో వేసే సీలు. బ్యాటరీ బరువుకి ఒక అంచు మడత పడిపోయింది. దానికి జానెడు దూరంలో అదే కవరు, అదే కంపెనీ, ఇంకో హెడ్ గ్యాస్కెట్. మొదటిది ఎక్కడ పెట్టారో దొరక్క రెండోది కొన్నారని నాకనిపిస్తోంది. మడత పడిన గ్యాస్కెట్ సీలు పట్టదని నాకన్నా మీకే బాగా తెలుసు. అదే ఫోటోలో 12-13 రింగు పానాలు మూడు కనిపించాయి. ఒకటి తుప్పు పట్టింది, రెండు కొత్తవి. చోటు చాలడం లేదని మీరు రాశారు. నాకు మాత్రం అక్కడ ఒకే వస్తువుకి రెండుసార్లు కట్టిన డబ్బు నేల మీద కనిపించింది. ఈ షెడ్డు ఇలా ఉండగా పెరట్లో ఇంకోటి వేస్తే, మూడో గ్యాస్కెట్ అక్కడికి చేరుతుంది.

ముందు లెక్క చూద్దాం. రూ.4 లక్షలకి 13 శాతం మీద అయిదేళ్లు అంటే నెలకి దాదాపు రూ.9,100. మొత్తం కట్టేది రూ.5,46,000, అందులో వడ్డీయే లక్షా నలభై ఆరు వేలు. మీరు రాసిన ఖర్చులన్నీ తీసేస్తే చేతిలో మిగిలేది రూ.11,600. అందులోంచే కార్డు మినిమమ్, అందులోంచే స్పేర్ పార్టులు. ఈఎంఐ వచ్చి కూర్చుంటే ఆ నెల పిల్లవాడికి జ్వరమొచ్చినా కార్డే గీకాలి.

ఆ కార్డు సంగతే నాకు ఎక్కువ బాధ కలిగించింది. స్టేట్‌మెంట్‌లో వడ్డీ రేటు చూడండి. చాలా కార్డులకి నెలకి 3.5 శాతం దగ్గర ఉంటుంది. రూ.58,000 మీద నెలకి రూ.2,030, దానిమీద 18 శాతం జీఎస్టీ రూ.365. అంటే నెలకి రూ.2,400 దాకా పోతోంది. అదే సమయంలో మీ రూ.90,000 ఎఫ్‌డీ మీద, 7 శాతం అనుకున్నా, వచ్చేది నెలకి రూ.525. ఇంకో విషయం చాలామందికి తెలీదు: పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా వర్తించదు. మొన్న కొన్న బ్రేక్ షూలకి గీకిన రోజు నుంచే వడ్డీ పడుతోంది. రేపే బ్యాంకుకి వెళ్లి ఎఫ్‌డీ తీసేయండి. ముందే తీసినందుకు వడ్డీలో కొంత కోస్తారు, కొయ్యనివ్వండి. కార్డు బాకీ మొత్తం కట్టేసి, మిగిలిన రూ.32,000 మళ్లీ ఎఫ్‌డీ వేయండి. కార్డుని బీరువాలో పెట్టి తాళం మీ ఆవిడకివ్వండి.

ఇక షెడ్డు. మీ స్కూలు ల్యాబులో స్టాక్ రిజిస్టరు మీ చేతి మీదే నడుస్తుంది కదా. ఏ గాల్వనోమీటరు ఏ సంవత్సరం వచ్చింది, వెల ఎంత, ఏ బీరువాలో ఏ అరలో ఉంది, విరిగినవి పనికిరావని ఎప్పుడు కండెమ్ చేశారు, అన్నీ రాసి సంతకం పెడతారు. హెడ్మాస్టరు అడిగితే రెండు నిమిషాల్లో చూపిస్తారు. అదే మనిషి ఇంటి దగ్గర పార్టుల మీద ఇంత సొమ్ము పెట్టి ఒక కాగితం కూడా రాసుకోలేదు. షెడ్డుకి కావలసిన మొదటి సామాను రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్. గడులు మీకు తెలిసినవే: వస్తువు, కొన్న తేదీ, వెల, ఏ కారుకి, ఎక్కడుంది. చివర ఇంకో గడి, "కండెమ్".

రెండు ఆదివారాలు పెట్టుకోండి. మొదటి ఆదివారం పొద్దున్నే వాకిట్లో టార్పాలిన్ పరిచి, షెడ్డులో ఉన్నదంతా బయటికి తెచ్చేయండి. అన్నీ వెలుతురులో పడాలి. టార్పాలిన్ మీద మారుతివి ఒక పక్క, పద్మినివి ఒక పక్క, రెంటికీ పనికొచ్చే పనిముట్లు మధ్యలో. మూత తీసిన బ్రేక్ ఆయిల్ డబ్బాలు ఉంటే మొహమాటం లేకుండా కండెమ్ రాయండి. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, ప్రాణం మీదకి వచ్చే వస్తువు. అటకెక్కించిన పాత టైర్ల పక్కన నాలుగంకెలు చూడండి. 2314 అని ఉంటే అది 2014లో 23వ వారం తయారైంది. దాన్ని "అవసరానికి ఉంటుంది" అని దాచకండి. పాత బ్యాటరీలు కొత్తది కొనేటప్పుడు షాపులో ఇస్తే ధరలో తగ్గిస్తారు. ఇంజిన్ నుంచి దింపిన నల్ల ఆయిలు కాలువలో పోయొద్దు, సర్వీస్ సెంటర్ వాళ్లకి అప్పగించండి. రెండో ఫోటోలో వంటింటి గోడకి ఆనించి పెట్రోలు డబ్బా ఉంది. అది ఆదివారం దాకా ఆగకూడదు, ఈ రోజే తీసేయండి.

రెండోసారి కొన్నవి, విప్పని ప్యాకెట్లు, బిల్లు ఉంటే కొన్న షాపులోనే అడగండి. వెనక్కి తీసుకోకపోయినా వేరే పార్టుకి మార్చే అవకాశం ఉంటుంది. మిగతావి మెకానిక్కులకి అమ్మేయండి, తుక్కు తూకానికి వేసేయండి. ఎంత వస్తుందో నేను అంకె చెప్పను. వచ్చినదంతా రాసి ఒక పక్క పెట్టండి, షెడ్డు సర్దడానికి అదే పెట్టుబడి.

రెండో ఆదివారం గోడల పని. మా నాన్న బొబ్బిలిలో సైకిల్ షాపు నడిపారు. ప్లైవుడ్ చెక్క మీద ప్రతి పానా ఆకారం నల్ల పెయింటుతో గీసి, మేకు కొట్టి తగిలించేవారు. రాత్రి కొట్టు కట్టేముందు ఆ చెక్క వైపు ఒక్క చూపు. ఏ మేకైనా ఖాళీగా ఉంటే షట్టరు దించేవారు కాదు, సైకిలు కింద దూరి వెతికేవారు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన ఒకే సైజు పానా రెండోసారి కొనడం నేను చూడలేదు. మీకూ ఒక చెక్క, డబ్బా నల్ల పెయింటు చాలు. బరువు సామాన్లకి స్లాటెడ్ యాంగిల్ (చిల్లులున్న ఇనప పట్టీల) ర్యాకు, కింది అర నేల నుంచి అడుగు ఎత్తున ఉండేలా బిగించుకోండి. మన వైపు తుఫాను వానకి నీళ్లు లోపలికి వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రేకులు ఎలా లేచిపోయాయో మీరూ చూసే ఉంటారు. అందుకే రేకులని పట్టి ఉంచే జే-బోల్టులు కూడా ఈ వారమే చూసుకోండి. సముద్రం గాలి తగిలే ఊళ్లో పానాలకి నెలకోసారి నూనె గుడ్డ పెట్టకపోతే తుప్పు ఆగదు. విప్పిన నట్లూ బోల్టులూ జిప్ కవర్లలో వేసి, లోపల చీటీ పెట్టండి: "పద్మిని, ముందు ఎడమ చక్రం, 6 బోల్టులు" అని. రెండేళ్ల తర్వాత బిగించేది మీరే అయినా గుర్తుండదు. ఈ సర్దుబాటుకి రూ.15,000 దాటనివ్వకండి.

లిఫ్టు అవసరం లేదు. మారుతి 800 బరువు 650 కేజీల చిల్లర. మంచి ట్రాలీ జాకీ, దానితోపాటు ఎత్తిన బండిని మోసే జాక్ స్టాండ్లు మీ పనికి సరిపోతాయి. ఫోటోలో జాకీ ఉంది, స్టాండ్లు కనిపించలేదు. ఉత్త జాకీ మీద ఎత్తిన బండి కిందకి ఎప్పుడూ దూరకండి. రూ.15,000లో మొదటి కొనుగోలు ఆ స్టాండ్లే. మీకు పాత పెన్షన్ లేదు, చదువుకుంటున్న పిల్లలున్నారు. టర్మ్ పాలసీ, అంటే ప్రాణానికి మాత్రమే ఉండే బీమా, గురించి ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. లేకపోతే వచ్చే నెల సిప్ ఆపేసైనా తీసుకోండి.

పక్కవాళ్ల కార్లు బాగుచేసి సంపాదించడం గురించి. మీ సర్వీసుకి వర్తించే ప్రవర్తనా నియమాలు, 1964 నాటి నుంచీ, అనుమతి లేకుండా సొంత వ్యాపారం చెయ్యనివ్వవు. ఉద్యోగం మీదకి తెచ్చుకోకండి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకుంటే తుఫాను, వరద, అగ్నిప్రమాదాలకి ఇంటితోపాటు సామాన్లకీ, ఇంటి బీమా మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా రూ.10 లక్షలకి రక్షణ ఉంటుంది. కానీ అది నివాసానికి వాడే ఇంటికి. షెడ్డులో డబ్బు తీసుకుని పని మొదలుపెడితే క్లెయిము రోజున పేచీ వస్తుంది. పాలసీ తీసుకునేటప్పుడు షెడ్డు సంగతి కూడా చెప్పి రాయించండి. క్లెయిము వేసే రోజు వస్తే మీ రిజిస్టరే సాక్ష్యం.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. మారుతి ఆర్సీ ఇంకా నాన్నగారి పేరునే ఉందా? ఉంటే ఫారం 31తో మీ పేరుకి మార్చుకోవాలి, అది అసలు మూడు నెలల్లో చెయ్యాల్సిన పని. ఆలస్యమైనా ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లండి. బీమాలో ఓనర్-డ్రైవర్‌కి ఉండే రూ.15 లక్షల ప్రమాద రక్షణ, ఆర్సీలో పేరున్న యజమానికి. నాన్నగారి పేరుతో బండి నడుపుతూ ఉంటే ఆ రక్షణ మీ ఇంటికి అందదు. 1997 బండి కాబట్టి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కార్లకి ఆ ఫీజు 2025 ఆగస్టులో రూ.10,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇది హఠాత్తుగా వచ్చే ఖర్చు కాదు. తేదీ ఆర్సీ మీదే ఉంటుంది.

కార్డు బాకీ పోయాక మిగిలే రూ.11,600 ఇలా పంచుకోండి. రూ.8,000 అత్యవసర నిధికి. ఈఎంఐ, చదువు, ఇల్లు కలిపి నెలకి రూ.54,400 కాబట్టి మూడు నెలలకి రూ.1,63,200 కావాలి. చేతిలో ఉన్న రూ.32,000 పోను మిగతాది 17 నెలల్లో నిండుతుంది. నెల తప్పని జీతం కాబట్టి ముందు మూడు నెలలు చాలు. రూ.1,100 బండి బీమాకీ, రెన్యువల్‌కీ. రూ.2,500 షెడ్డు ఖాతాకి. ఆ ఖాతా విడిగా ఉండాలి, దానికి యూపీఐ కలిపి పార్టులన్నీ అందులోంచే కొనాలి. ఖాళీ అయితే ఆ నెల కొనడం లేదు, ఉన్నవాటితో పని. మొదటి మూడు నెలలు మాత్రం పార్టులేవీ కొనొద్దు. రిజిస్టరు పూర్తయ్యాక మీకు కావాల్సినవి సగం షెడ్డులోనే దొరుకుతాయని నాకు నమ్మకం.

పద్మిని దగ్గర నేను కొంచెం తటపటాయించాను. ఆ కారు తయారీ ఆగి పాతికేళ్లు. పార్టులు వెతికి వెతికి తెచ్చుకోవాలి. ముందు దాని కాగితాలు చూడండి. ఆర్సీ మీ పేరుకి మారడానికి దారి ఉంటే, నెలకి రూ.2,500తో మూడు నాలుగేళ్ల పనిగా పెట్టుకోండి. తొందరేం లేదు. మీ పెద్దవాడు పక్కన నిలబడి పానా అందించే వయసుకొస్తాడు. కాగితాలు తేలకపోతే, అది ఎంత బాగుచేసినా రోడ్డెక్కదు. అప్పుడు కావలసినవాళ్లకి ఇచ్చేయడమే మేలు. రూ.65,000 పెట్టాను కదా అని పట్టుకు కూర్చోవద్దు, ఆ డబ్బు ఇప్పటికే అయిపోయింది. ఈ రెండిట్లో ఏది తేలినా, ఒక కారు బిగించేదాకా ఇంకోటి విప్పకండి. మూడో కారు మాట అసలే వద్దు.

సిరిమాను మంగళవారం. ముందురోజు తొలేళ్లకే చుట్టాలు దిగిపోతారు. దానికి ముందు వచ్చే రెండు ఆదివారాలూ ఇప్పుడే క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. మారుతి షెడ్డులోకి వచ్చాక రిజిస్టరు మొదటి పేజీ, పద్మిని ఆర్సీ, రెండిటి ఫోటోలూ నాకు పంపండి. పద్మిని ఉంచాలా అమ్మాలా అన్నది అవి చూసి చెప్తాను.