ట్యూబులో గర్భం: ఆపరేషన్ పాపమా?

ప్రశ్న: మా చెల్లికి గర్భం ట్యూబులో నిలిచిందట. ట్యూబ్ తీసేయాలంటున్నారు డాక్టర్లు. కతోలికులం కదా, ఇది గర్భస్రావం కిందికొస్తుందా?
– ఒక సోదరి, జ్ఞానాపురం, విశాఖపట్నం

జవాబు: రాదమ్మా. ట్యూబ్ పగిలితే కడుపులో రక్తస్రావమై గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఫాదర్‌గారిని అడిగొస్తామని ఆగొద్దు, ముందు ఆసుపత్రి.

శ్రీసభ (కతోలిక చర్చి) నిషేధించింది బిడ్డను నేరుగా చంపడాన్ని. శ్రీసభ చట్టం (కానన్ లా) 1397వ నియమంలోని వెలి శిక్ష కూడా దానికే. దెబ్బతిన్న ట్యూబును తీయడం తల్లికి చికిత్స; బిడ్డ పోవడం తెలిసినా, కోరుకున్న ఫలితం కాదు. కతోలిక నీతివేత్తలు చాలావరకు దీన్ని ఒప్పుకుంటారు. వాళ్ల వాదనంతా పిండం ఎదుగుదలను ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ మీద, ట్యూబును కోసి పిండాన్ని మాత్రమే తీయడం మీద. అందుకే ఏ పద్ధతో సంతకానికి ముందే అడగండి. రక్తం నెగటివ్ గ్రూపైతే తర్వాతి కాన్పులో బిడ్డకు ముప్పు రాకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ సంగతీ కనుక్కోండి.