రాగి కప్పు వేయించేముందు

చి. కిరణ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

మీ న్యూజెర్సీ ఇంటి కప్పు మార్చాల్సి వచ్చిందనీ, ఈసారి ఆస్ఫాల్ట్ (తారు) పలకలు వద్దు, రాగి షింగిల్స్, అంటే పెంకుల్లా పరిచే చిన్న రేకు పలకలు, వేయిద్దామని కోడలూ నువ్వూ అనుకుంటున్నారనీ రాశావు. రెండు కొటేషన్లు పంపి, ఏది ఖాయం చేయమంటారని అడిగావు. రెండింటిలోనూ షింగిల్ ఫొటోలున్నాయి, వారంటీ ఏళ్లున్నాయి. ఉండాల్సినవి మాత్రం లేవు. రేకు మందం ఎంత, కింద ఏం పరుస్తారు, ఏ మేకులు కొడతారు, చూరు నీళ్లు పట్టే గట్టర్లు ఏ లోహంతో చేస్తారు, ఇవేవీ రాయలేదు. రాగి కప్పు కారిందంటే తప్పు చాలావరకు రాగిది కాదు, దాన్ని ఆనుకుని ఉన్నదానిది. కాబట్టి షింగిల్ డిజైన్ ఎంచుకోవడానికి ఒక గంట చాలు. మిగతా వాటి మీద నెల రోజులైనా పెట్టు.

ముందు అది నిజంగా రాగేనా అన్నది తేల్చుకో. ‘కాపర్’ అన్న పేరుతో మార్కెట్లో మూడు నాలుగు రకాలు దొరుకుతాయి. కొన్ని రాగి రంగు వేసిన ఉక్కు రేకులు. కొన్ని తారు షింగిల్ మీద పలుచటి రాగి పొర అతికించినవి. అవి చెడ్డ సరుకని అనను, కానీ రాగి ధరకు కొనేవి కావు. నమూనా ముక్క తెప్పించుకుని అయస్కాంతం పెట్టి చూడు, అంటుకుంటే అది ఉక్కు. అంచు కత్తిరించి చూడు, లోపలిదాకా ఒకే రంగు ఉండాలి. కాంట్రాక్టులో ‘ఏఎస్‌టీఎం బి 370 ప్రమాణానికి సరిపడే కోల్డ్ రోల్డ్ రాగి’ అని రాయించుకో.

మందాన్ని అమెరికాలో ఔన్సుల్లో చెబుతారు. చదరపు అడుగు రేకు ఎన్ని ఔన్సులు తూగుతుందో అదే దాని మందం. 12 ఔన్సులది సుమారు 0.41 మిల్లీమీటర్లు, 16 ఔన్సులది 0.55, 20 ఔన్సులది 0.69. కొన్ని కంపెనీలు షింగిల్స్‌ను 12 ఔన్సుల రేకుతో చేస్తాయి. నాలుగు అంచులా మడత ఉంటుంది కాబట్టి అది గాలికి నిలుస్తుంది. కానీ చిమ్నీ బాగుచేయడానికి ఎక్కినవాడి కాలు పడినా, వడగళ్లు పడినా సొట్టలు పోతుంది. నువ్వు 16 ఔన్సులకు తగ్గకు. రెండు వాలులు కలిసే పల్లాలకూ (వ్యాలీలకూ) గట్టర్లకూ 20 ఔన్సులు అడుగు. రెండు వాలుల నీళ్లూ చేరేది అక్కడే, ముందు అరిగేదీ అక్కడే.

వాలు అడ్డంగా 12 అంగుళాలకు కనీసం 3 అంగుళాల ఎత్తు ఉంటే తప్ప ఇంటర్‌లాక్ షింగిల్స్, అంటే ఒకదాని మడతలో ఒకటి ఇరికేవి, వేయకూడదు. కొన్ని కంపెనీలు 4 అడుగుతాయి. మీ పెద్ద కప్పు 8 కాబట్టి దానికి ఇబ్బంది లేదు. వెనక వరండా వాలు 2 అన్నావు. అక్కడ షింగిల్స్ వద్దే వద్దు, వానతో పాటు గాలి కొడితే నీళ్లు మడతల్లోకి ఎదురెక్కుతాయి. ఆ కొంచెం భాగం చదును మడతలు పెట్టి, టంకం వేసిన రాగి రేకుతో చేయించు. టంకం పనికి మంట ఎగజిమ్మే టార్చ్ కాకుండా వేడి చేసి వాడే టంకపు కడ్డీ (సోల్డరింగ్ ఐరన్) వాడాలని ముందే చెప్పు. చూరు దగ్గర పాత చెక్క లోలోపల అంటుకుంటే పనివాళ్లు దిగి వెళ్లిపోయాక గానీ పొగ కనబడదు.

సరుకు లెక్క నువ్వే వేసుకో, వాళ్ల లెక్కతో పోల్చుకోవచ్చు. చూరులతో కలిపి ఇంటి విస్తీర్ణం 1600 చదరపు అడుగులనుకుందాం. 8 వాలుకు 1.202తో గుణిస్తే 1923 చదరపు అడుగులు వస్తుంది. వంద చదరపు అడుగులు ఒక స్క్వేర్, అంటే 19 పైచిలుకు. కోతల్లో పోయేది 10 నుంచి 15 శాతం కలిపితే 21, 22 స్క్వేర్లు. ఎవరైనా 27 రాస్తే ఎందుకని అడుగు. బరువు గురించి దిగులు పడకు. 16 ఔన్సుల రాగి, మడతలతో కలిపి, స్క్వేర్‌కు సుమారు 125 పౌండ్లే ఉంటుంది. ఇప్పుడున్న ఆస్ఫాల్ట్ 200 నుంచి 350 వరకూ ఉంటుంది. వాసాలకు బలం చేయించాలని ఎవరైనా డబ్బు అడిగితే, అది రాగి బరువు వల్ల అయ్యే ఖర్చు కాదు.

పాత షింగిల్స్ మీదే రాగి వేస్తామంటే ఒప్పుకోవద్దు. అంతా పీకించి, ప్లైవుడ్‌లో మెత్తబడిన పలకలు మార్పించి, పాత ఇనుప మేకులు ఒక్కటి కూడా పైకి పొడుచుకు రాకుండా దిగగొట్టించు. దాని మీద పరిచే పొరల్లోనే సగం తప్పులు జరుగుతాయి. మీ వైపు చలికాలంలో చూరు దగ్గర మంచు గడ్డకట్టి, దాని వెనక నీళ్లు నిలుస్తాయి. అందుకని చూరు అంచు నుంచి బయటి గోడ దాటి లోపలికి కనీసం 24 అంగుళాల వరకు అతుక్కునే మెంబ్రేన్ (నీళ్లు దిగనివ్వని పొర) వేయాలని ఇళ్ల నిర్మాణ కోడ్ చెబుతుంది. ఆ 24 అంగుళాలు అడ్డంగా కొలవాల్సినవి, వాలు వెంట కాదు. మీ చూరు 12 అంగుళాలు బయటికి ఉంది కదా, రెండూ కలిపి 36. 8 వాలు మీద అది 43 అంగుళాలు దాటుతుంది. రోల్ వెడల్పు 36 అంగుళాలే. ఒక్క వరస వేసి పని అయిందంటే కాలేదన్నమాట, రెండో వరస వేయించు.

ఆ మెంబ్రేన్ కూడా మామూలుది కాకుండా 240 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు తట్టుకునే ‘హై టెంపరేచర్’ రకం కావాలి. మామూలుది రాగి కింద వేసవి వేడికి మెత్తబడి చూరు వైపు జారుతుంది. మిగతా కప్పంతా 30 పౌండ్ల ఫెల్ట్ (తారు పట్టించిన దళసరి పొర), దాని మీద రోజిన్ పేపర్ అనే నున్నటి కాగితం పరవాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ రోజిన్ పేపర్నే, చౌక కాగితమే కదా అని. అది లేకపోతే ఫెల్ట్‌లోని తారు ఎండకు రాగికి అంటుకుంటుంది, రేకు కదలలేక మడత దగ్గర చిరుగుతుంది. 3 మీటర్ల రాగి రేకు 90 డిగ్రీల సెల్సియస్ తేడాకు 4.5 మిల్లీమీటర్ల పైనే సాగుతుంది. జనవరి రాత్రికీ జూలై మధ్యాహ్నానికీ కప్పు మీద అంత తేడా ఉంటుంది. 16 అంగుళాల షింగిల్ సాగేది 0.6 మిల్లీమీటర్లే, దాన్ని నాలుగు వైపుల వదులు మడతలు సర్దుకుంటాయి. పొడుగు రేకుల కంటే షింగిల్స్‌తో ఉన్న పెద్ద సుఖం ఇదే. అయితే కొప్పు మీది రేకులూ గట్టర్లూ పొడుగువే కాబట్టి వాటికి సాగే సందు వదలాలి. గట్టర్‌ను ఆ కొస నుంచి ఈ కొస దాకా టంకం వేసి బిగిస్తే రెండు మూడేళ్లలో అతుకు పగులుతుంది.

ఇక మేకులు. రాగి, ఇత్తడి లేదా కంచు మేకులు, వెడల్పు తల ఉన్నవి, చెక్కలోకి కనీసం ముప్పావు అంగుళం దిగాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ కూడా ఫరవాలేదు. జింకు పూత మేకులు ఒక్క డబ్బా కూడా కప్పు మీదికి ఎక్కకూడదు. కప్పు వేసేవాళ్ల మేకుల గన్‌లలో మామూలుగా ఉండేవి అవే, అలవాటు కొద్దీ కొట్టేస్తారు. రాగికీ జింకుకీ, రాగికీ అల్యూమినియానికీ మధ్య తడి చేరితే సన్నటి విద్యుత్తు పుడుతుంది. ఆ జోడీలో తినేసుకుపోయేది ఎప్పుడూ రెండోదే. మేకు తల పోతే షింగిల్ జారుతుంది, చూసేవాళ్లు రాగిని తప్పుపడతారు. మీకు దగ్గరలోనే పెద్ద ఉదాహరణ ఉంది, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ. 1886లో నిలబెట్టిన ఆ 2.4 మిల్లీమీటర్ల రాగి రేకు ఈనాటికీ చాలావరకు అదే. లోపల దాన్ని పట్టుకున్న ఇనుప పట్టీలకూ రాగికీ మధ్య పెట్టిన ఆస్బెస్టాస్ పొర పాడై, ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది. 1980ల మరమ్మతులో ఆ ఇనుప పట్టీలు తీసి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేశారు.

మేకును మరీ బిగించి కూడా కొట్టకూడదు. తల రేకును తాకి ఆగాలి, నొక్కకూడదు. క్లీట్ (రేకును పట్టి ఉంచే చిన్న పట్టీ) వాడితే ఒక్కోదానికి రెండు మేకులు కొట్టి, క్లీట్ కొసను తలల మీదికి మడవాలి. లేకపోతే తల అంచు పై రేకును లోపలి నుంచి రాస్తుంది.

ఇదే లెక్క గట్టర్లకు. రాగి మీంచి కారే నీళ్లలో కొంచెం రాగి కరిగి వస్తుంది, అది అల్యూమినియం గట్టర్‌లో పడితే చుక్కలు చుక్కలుగా తూట్లు పొడుస్తుంది. రాగి పైన, అల్యూమినియం కింద ఉండకూడదు. తిరగేసి ఉంటే ప్రమాదం చాలా తక్కువ. కాబట్టి పెద్ద కప్పు రాగి అయితే గట్టర్లు, డౌన్‌పైపులు, చిమ్నీ ఫ్లాషింగ్ (చుట్టూ నీళ్లు దిగకుండా వేసే రేకు), చూరు అంచు పట్టీ అన్నీ రాగివే అవ్వాలి. ఆ ఖర్చు మొదటి కొటేషన్‌లో కలపలేదు, రెండోదాంట్లో ‘ఇప్పుడున్న గట్టర్లే ఉంచుతాం’ అని రాశారు. ఆ ఒక్క వాక్యం కోసమైనా రెండోది పక్కన పెట్టు. బాత్రూం గొట్టాలు పైకి వచ్చే చోట వాడే అల్యూమినియం తొడుగుల (బూట్ల) గురించి కూడా అడుగు, ఎవరికీ గుర్తుండనివి అవే. సెడార్ చెక్క కప్పు ఏదైనా పైన ఉండి, దాని నీళ్లు రాగి మీద పడుతుంటే అదీ మంచిది కాదు. ఆ చెక్క నుంచి దిగే ఆమ్లం నీటిధార పడినచోట రాగిని గాడిలా తింటుంది.

మరకల సంగతి కోడలికి ముందే చెప్పు. రాగి నీళ్లు తెల్లటి గోడ, సున్నపురాయి, కాంక్రీట్ డ్రైవ్‌వే, వేటి మీద పడినా ఆకుపచ్చ చారలు పడతాయి, అవి వదలవు. చూరు అంచు గోడకు ఎడంగా ఉండి నీళ్లు నేరుగా గట్టర్‌లో పడేట్టు చూసుకో. వెనకాల గోంగూర, బచ్చలి మడులకు వాననీళ్లు పట్టే డ్రమ్ము ఉందన్నావు కదా, ఆ పైపును రాగి కప్పు నుంచి తప్పించు. ఆ నీళ్లు చేపలున్న తొట్టిలోకి అసలే పోకూడదు, కొంచెం రాగి కూడా చేపలకు విషం.

రంగు విషయంలో తొందరపడకు. మెరిసే రాగి కొన్ని నెలల్లో గోధుమరంగుకు, తర్వాత ముదురు చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. ఆకుపచ్చ రావడానికి సముద్రగాలి, ఫ్యాక్టరీల గాలి ఉన్నచోట 5 నుంచి 7 ఏళ్లు, పల్లెపట్టుల్లో 10 నుంచి 14 ఏళ్లు పడుతుంది. బాగా పొడి వాతావరణంలో అసలు రాకపోవచ్చు. నిలువు గోడల మీద ఇంకా ఆలస్యం. బిందెను చింతపండుతో తోమినట్టు దీన్ని తోమించే ఆలోచన ఎవరికీ రానివ్వకు. ఆ కిలుమే రేకును కాపాడే పొర. మెరుపు పోకుండా పైన లాకర్ (పారదర్శకమైన వార్నిష్) పూస్తామంటే వద్దను. కొన్నేళ్లకే పెచ్చులూడి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, మళ్లీ మళ్లీ పూయాలి. మొదట్లో వేలిముద్రలు, టంకపు ద్రావకం మరకలు కనిపిస్తాయి. పనివాళ్లు శుభ్రమైన గ్లౌజులు వేసుకోవాలి, టంకం వేసిన చోట నీళ్లతో కడగాలి. రేకు మీద ప్లాస్టిక్ పొర ఉంటే వేసిన రోజే పీకించు, ఎండకు అంటుకుపోతే రాదు.

సోలార్ పెట్టించే ఉద్దేశం ఉంటే ఇప్పుడే చెప్పు. దక్షిణపు వాలు మీద రాగి షింగిల్స్ వేసి, రెండేళ్ల తర్వాత వాటికి తూట్లు పొడిచి అల్యూమినియం పట్టాలు బిగిస్తే మనం జాగ్రత్త పడిందంతా వృథా. ఆ వాలుకు నిలువు మడతల రాగి రేకు వేయించి, మడతను పట్టుకునే ఇత్తడి క్లాంపులు పెట్టించు. లేదా ఆ వాలు రాగి లేకుండానే వదిలెయ్.

నా మాట అడిగితే, ఆ ఇంట్లో ఇరవై, పాతికేళ్లు ఉంటామని నమ్మకం ఉంటేనే కప్పంతా రాగి వేయించు. ఉద్యోగం మారితే వెళ్లిపోవాల్సిన పరిస్థితి అయితే పెద్ద కప్పుకు మంచి ఆస్ఫాల్ట్ వేసి, ముందు వాకిలి పంచకూ బే విండో మీదకూ మాత్రమే రాగి పెట్టించు. వీధిలోంచి కనిపించేది అదే, కొనేవాడు మెచ్చేదీ అదే. పని చేసేవాళ్ల చేయి ఎలాంటిదో అంత చిన్న పనిలోనే తెలిసిపోతుంది.

సంతకం పెట్టేముందు హెచ్‌ఓఏ (మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి కాగితం చేతిలో ఉండాలి. కాంట్రాక్టర్ న్యూజెర్సీలో హోమ్ ఇంప్రూవ్‌మెంట్ కాంట్రాక్టర్‌గా నమోదై ఉన్నాడో లేదో చూడు. అతను ఐదేళ్ల కిందట వేసిన రాగి కప్పు ఒకటి చూపించమను. కొత్తగా వేసిన కప్పులన్నీ బాగానే ఉంటాయి. ఇన్సూరెన్స్ వాళ్లను ‘కాస్మెటిక్ డ్యామేజ్ ఎక్స్‌క్లూజన్’ ఉందా అని సూటిగా అడుగు. అది ఉంటే వడగళ్లకు సొట్టలు పడినా, నీళ్లు కారనంతవరకు రూపాయి ఇవ్వరు. రాగి ధర రోజూ మారుతుంది కాబట్టి కొటేషన్ ఏ తేదీ వరకు చెల్లుతుందో రాయించు. సరుకు వచ్చాక బయట పడేయకుండా గరాజ్‌లో పెట్టి తాళం వేయి, రాగి దొంగతనాలు ఎక్కువ.

మంచు ఒక్కసారిగా జారిపడుతుంది కాబట్టి వాకిలి మీది వాలుకు మంచును ఆపే ఇత్తడి స్నోగార్డులు పెట్టించడం మర్చిపోవద్దు. పని ముగిశాక ఒక పదిహేను షింగిల్స్ అడిగి ఉంచుకో. వాటిని గరాజ్‌లో దాచకుండా పెరట్లో షెడ్డు కప్పు మీద ఎండా వానా తగిలేట్టు ఉంచు. పదేళ్లకు ఎక్కడైనా ఒకటి మార్చాల్సి వస్తే రంగు కలుస్తుంది. రోజిన్ పేపరూ, మేకులూ, గట్టర్లూ చేర్చి కొత్త కొటేషన్ రాయించాక పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న