టీకాస్ (విమానాలు ఢీకొనకుండా పైలట్‌ని హెచ్చరించే పెట్టె) 'క్లైంబ్', అంటే పైకెక్కమంటుంది, నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ దిగమంటాడు. ఎవరి మాట వినాలి?

టీకాస్ మాటే. అందులో రెండో ఆలోచన ఉండకూడదు. మీ ప్రశ్నలో ఇంకో మాట కూడా ఉంది: "కంట్రోలర్‌కి రాడార్ మీద అన్నీ కనిపిస్తుంటాయి కదా, పెట్టె మాట ఎందుకు నమ్మాలి?" అసలు కీలకం అక్కడే ఉంది.

మన టీకాస్ సుమారు సెకనుకోసారి 1030 మెగాహెర్ట్జ్ మీద చుట్టుపక్కల విమానాల ట్రాన్స్‌పాండర్లను (రేడియో ప్రశ్నకి జవాబిచ్చే పరికరాలను) ప్రశ్నిస్తుంది. అవి 1090 మీద జవాబిస్తాయి. జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఎత్తు ఆ జవాబులోనే ఉంటుంది. టీకాస్ అసలు లెక్క సెకన్లలోనే: ఇలాగే వెళితే ఎంతసేపట్లో దగ్గరపడతాం? 20,000 అడుగుల పైన దాదాపు 48 సెకన్ల ముందు "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటుంది (ఇది టీఏ, ట్రాఫిక్ అడ్వైజరీ), 35 సెకన్ల ముందు ఆదేశం ఇస్తుంది (ఇది ఆర్‌ఏ, రిజల్యూషన్ అడ్వైజరీ). ఎదురెదురుగా వచ్చే రెండు జెట్లు నిమిషానికి 30 కిలోమీటర్ల చొప్పున దగ్గరవుతాయి కాబట్టి, ఆ 35 సెకన్లంటే 17 కిలోమీటర్లే. నేలకు దగ్గరలో ఈ గడువు ఇంకా తగ్గుతుంది. సుమారు 1000 అడుగుల లోపు ఆర్‌ఏలే రావు.

ఆర్‌ఏ వచ్చే క్షణంలో అవతలి విమానంలోనూ టీకాస్ ఉంటే, రెండు పెట్టెలూ మోడ్ ఎస్ లింక్ (ట్రాన్స్‌పాండర్ల మధ్య డేటా లింక్) ద్వారా మాట్లాడుకుంటాయి. "నేను పైకి వెళ్తున్నా, నువ్వు పైకి రాకు" అని ఖాయం చేసుకుంటాయి. ఈ ఒప్పందం కంట్రోలర్‌కి తెలియదు, మనం రేడియోలో చెప్పేదాకా. అందుకే ఆర్‌ఏకి ఎదురు వెళ్లడమంటే అవతలి పైలట్ దారిలోకి మనమే దిగడం.

2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఊబర్‌లింగెన్ మీద జరిగింది ఇదే. టీయూ-154 విమానానికి టీకాస్ ఎక్కమంది, కంట్రోలర్ దిగమన్నాడు. సిబ్బంది కంట్రోలర్ మాట విన్నారు. ఎదురొచ్చే బోయింగ్ 757 మాత్రం తన టీకాస్ చెప్పినట్టే దిగింది. 71 మంది పోయారు. తర్వాత వచ్చిన టీకాస్ 7.1 వెర్షన్‌లో, ఇచ్చిన ఆదేశాన్ని మధ్యలో తిరగేసే (ఎక్కమన్నది దిగమని మార్చే) లాజిక్‌ని మెరుగుపరిచారు. కానీ దాన్ని నమ్ముకుని ఎదురు వెళ్లకండి.

ఆర్‌ఏ రాగానే ఆటోపైలట్ తీసేయాలి (కొన్ని కొత్త విమానాల్లో ఆటోపైలటే ఆర్‌ఏని పాటిస్తుంది, అక్కడ ఆ పద్ధతే). 5 సెకన్లలోపు, పావు జీ (గురుత్వాకర్షణలో నాలుగో వంతు) మేర మెత్తగా నోస్ కదిపి, వర్టికల్ స్పీడ్ (ఎక్కే, దిగే వేగం) సూదిని ఎర్ర భాగం నుంచి ఆకుపచ్చ భాగంలోకి తేవాలి. మామూలు 'క్లైంబ్' ఆదేశానికి నిమిషానికి 1500 అడుగులు చాలు. 5 సెకన్లు తాత్సారం చేస్తే 125 అడుగులు పోయినట్టే. "క్లైంబ్, క్లైంబ్ నౌ" అని ఆదేశం తిరగబడితే మాత్రం రెండున్నర సెకన్లలో స్పందించాలి. "లెవెల్ ఆఫ్" అన్నప్పుడు సమతలానికి రావడమే, అంతకు మించి ఏమీ చేయొద్దు. స్టాల్ (రెక్కలు లిఫ్ట్ కోల్పోవడం), నేల దగ్గరపడటం, విండ్‌షియర్ (గాలి హఠాత్తుగా మారడం) హెచ్చరికలు వస్తే వాటికే ముందు ప్రాధాన్యం.

రేడియోలో "టీకాస్ ఆర్‌ఏ" అంటే చాలు. అక్కణ్ణించి మీరు "క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్" (ప్రమాదం తప్పింది) అని చెప్పేదాకా కంట్రోలర్ మీ దారి మార్చడానికి ప్రయత్నించకూడదు. అతను ఇంకేమైనా చెబితే "అనేబుల్ (పాటించలేను), టీకాస్ ఆర్‌ఏ" అనండి.

చాలామంది చేసే తప్పు ఇంకొకటుంది: తెర మీద గుర్తు చూసి పక్కకి తిరగడం. యాంటెన్నాకి దిశను పట్టే కచ్చితత్వం తక్కువ, ఎడమన కనిపించేది నిజంగా ఎదురుగా ఉండొచ్చు. అందుకే టీకాస్ ఎప్పుడూ పైకీ కిందికీ తప్ప తిరగమనదు. టీఏ వచ్చినప్పుడు కళ్లతో వెతకండి, చేతులు సిద్ధంగా పెట్టుకోండి, విమానాన్ని మాత్రం కదపొద్దు.

ట్రాన్స్‌పాండర్ జవాబివ్వని విమానం టీకాస్‌కి లేనట్టే. ఎత్తు చెప్పనిదైతే టీఏ దాకా రావచ్చు, ఆర్‌ఏ రాదు. 2006 సెప్టెంబర్ 29న బ్రెజిల్ అడవుల మీద ఓ లెగసీ బిజినెస్ జెట్ ట్రాన్స్‌పాండర్ ప్రసారం ఆగిపోయింది. దాంతో దాని టీకాస్ కూడా మూగబోయింది. ఎదురొచ్చిన బోయింగ్ 737కీ హెచ్చరిక రాలేదు, అందులోని 154 మందీ చనిపోయారు. "టీకాస్ ఆఫ్" అని తెర మీద చిన్న అక్షరాల్లో వచ్చే మాటని అందుకే పరికరాల మీద చూపు తిప్పే ప్రతిసారీ చూడాలి.

అనవసరపు ఆర్‌ఏలకి పెద్ద కారణం మనం ఎక్కే, దిగే వేగమే. నిమిషానికి 3000 అడుగులతో ఎక్కుతుంటే, పై విమానంతో ఉన్న 2000 అడుగుల తేడా 40 సెకన్లలో కరిగిపోతుంది. మీరు ఆ విమానానికి 1000 అడుగుల కిందే ఆగబోతున్నారని టీకాస్‌కి తెలియదు. చివరి 1000 అడుగుల్లో వేగం నిమిషానికి 1500 అడుగుల లోపుకి తగ్గించండి.