లోకల్‌కి ఒకటి, లైవ్‌కి ఒకటి డేటాబేస్ క్లాస్ రాయాలా?
నల్గొండ బత్తాయి మార్కెట్ లెక్కల సైటుకు లోకల్, టెస్ట్, లైవ్ అని మూడు డేటాబేస్ క్లాసులు పెట్టాలా అని అడిగారు. వద్దండి. మారేది హోస్ట్, యూజర్, పాస్‌వర్డ్ లాంటి వివరాలే. క్లాస్ ఒక్కటే చాలు. ఆ వివరాలను ప్రతి మెషీన్‌లో వేరే కాన్ఫిగ్ ఫైల్‌లో ఉంచండి, దాన్ని గిట్‌లోకి (కోడ్ మార్పులను భద్రపరిచే టూల్) మాత్రం ఎక్కించకండి.

పీడీఓ (పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌తో మాట్లాడే సాధనం) ఆబ్జెక్ట్‌ను మొదట్లోనే ఒక్కసారి తయారుచేసి, రైతు క్లాస్‌కైనా బిల్లు క్లాస్‌కైనా కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్) ద్వారా అందించండి. క్లాస్ లోపల "ఇది లైవా, లోకలా" అని ఇఫ్‌లు పెట్టారంటే టెన్షన్ మొదలైనట్టే: టెస్ట్ అనుకుని అసలు రైతుల బాకీలే చెరిపేసే ప్రమాదం ఉంది.

ఇంకొకటి. పీహెచ్‌పీ 8.0 నుంచి పీడీఓ తప్పు జరిగితే ఎక్సెప్షన్ ఇస్తుంది, సర్వర్‌లో 7.4 ఉంటే ఏమీ చెప్పకుండా ఊరుకుంటుంది. అందుకే ఎర్రర్ మోడ్ (తప్పు జరిగితే పీడీఓ ఏం చేయాలో చెప్పే సెట్టింగ్) మీరే సెట్ చేయండి.