స్పోర్ట్స్ కారును నడపడానికి కొనండి, దాచడానికి కాదు

జడ్చర్ల నుంచి వచ్చిన ప్రశ్న సారాంశం ఇది. పొలం అమ్మగా వచ్చిన డబ్బులో రెండు కోట్ల పైచిలుకు పెట్టి కొత్త పోర్షే 911 కొనాలని మీ కోరిక. ‘దాని ధర తగ్గదు, కొన్నేళ్లకు పెరుగుతుంది కూడా, పొలం బదులు కారు ఉందనుకో’ అని మీ స్నేహితుడు అంటున్నారు. ఇంట్లోవాళ్లకు కూడా అదే చెప్పి ఒప్పించాలనుకుంటున్నారు. నిజంగా అది పెట్టుబడి అవుతుందా అని అడిగారు.

కాదు. అయితే కారే కొనవద్దని చెప్పే మనిషిని కూడా కాను. మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు నడుపుతాం. హైదరాబాద్‌లో మొదటి యజమాని దగ్గర కొన్న, టాప్ తెరుచుకునే పోర్షే 718 బాక్స్‌టర్‌ను కొన్నేళ్లుగా నడుపుతున్నాను. అది నా జీవితంలోకి తెచ్చిన సంతోషం చిన్నది కాదు. ఆ సంతోషానికి ఖర్చవుతుందని తెలిసే కొన్నాను. మీరు కూడా అలా తెలిసి కొనాలన్నదే నా మాట.

ముందు మీ లెక్క చూద్దాం. షోరూమ్ ధర రెండు కోట్లు అనుకోండి. నేను ఈ కార్లు వెతుకుతున్న రోజుల్లో తెలంగాణలో 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ టాక్స్ 18 శాతం. ఇప్పటి రేటు రవాణా శాఖ దగ్గర సరిచూసుకోండి, కానీ ఆ పాత రేటుతోనే 36 లక్షలు అవుతుంది. బీమా కలిపితే కారు ఇంటికి వచ్చేసరికి దాదాపు రెండు కోట్ల నలభై లక్షలు. ధర మీద ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను, కూడా వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, మీ ఆదాయపు పన్నులో జమ అవుతుంది, రిటర్నులో చూపించడం మరచిపోకండి. లైఫ్ టాక్స్ మాత్రం వెనక్కి రాదు. కొత్త కారు కొనగలిగే స్థోమత ఉండి పాతదాని వైపు చూసేవాడు, మీరు కట్టిన ఆ 36 లక్షలను మీకు పూర్తిగా ఎందుకు తిరిగి ఇస్తాడు?

ఇక ఆ రెండు కోట్ల నలభై లక్షలను బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి వేశారనుకోండి. ఏడాదికి 16 లక్షల 80 వేలు. వడ్డీని కూడా అందులోనే ఉంచితే ఐదేళ్లకు మొత్తం సుమారు మూడు కోట్ల 37 లక్షలు. వడ్డీ మీద పన్ను ఉంటుంది, నిజమే. అయినా కారును పెట్టుబడి అనాలంటే ఐదేళ్ల తర్వాత దాన్ని ఇంచుమించు ఆ ధరకు అమ్మగలగాలి. ఐదేళ్ల పాత 911ను, అదీ 911లో మొదటి మెట్టు రకమైన మామూలు కరెరాను, మూడు కోట్ల పైన ఎవరు కొంటారని మీ స్నేహితుణ్ణి అడిగి చూడండి.

బీమా కంపెనీల లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. ఐడీవీ, అంటే బీమా కోసం లెక్కగట్టే కారు విలువ, కట్టేటప్పుడు కారు ధర నుంచి తరుగు తీసేస్తారు. ఆరు నెలలు దాటి ఏడాదిలోపు 15 శాతం, రెండు దాటి మూడేళ్లలోపు 30 శాతం, నాలుగు దాటి ఐదేళ్లలోపు 50 శాతం. బజారులో 911 విలువ అంత వేగంగా పడదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఈ తరగతి కార్లలో ధర నిలబెట్టుకునే వాటిలో అది ముందుంటుంది. కానీ నెమ్మదిగా తగ్గడాన్ని పెరగడం అనలేం కదా. సొంత వాడకానికి కొన్న కారును నష్టానికి అమ్మితే, ఆ నష్టాన్ని ఇతర లాభాల్లోంచి తీసేసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. లాభం వస్తే పన్ను ఉండదనే మాట కూడా నిజమే, లాభం వస్తే.

చాలామంది ఆలోచించని సంగతి మరొకటి ఉంది. 911 జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో తయారై మన దగ్గరకు వస్తుంది. పూర్తిగా తయారై వచ్చే ఖరీదైన కార్ల మీద మన దేశం ఇన్నేళ్లుగా కారు ధరతో సమానంగానో, అంతకు మించో సుంకం వేస్తూ వచ్చింది. అంటే మీరు కట్టే ధరలో చాలా భాగం కారుది కాదు, సుంకానిది. 2025 జూలైలో బ్రిటన్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందంలో అక్కడి కార్ల సుంకాన్ని కోటా మేరకు దశలవారీగా 10 శాతానికి తగ్గించడానికి మనవాళ్లు ఒప్పుకున్నారు. ఏ దేశపు కార్లకు ఆ తగ్గింపు అమల్లోకి వస్తే, ఆ దేశపు కొత్త కారు ధర దిగుతుంది. దాంతోపాటే మన షెడ్డులో ఉన్న పాత కారు ధరా దిగుతుంది. పొలానికి ఇలాంటి ప్రమాదం లేదు. ఢిల్లీలో ఒక్క సంతకంతో జడ్చర్ల పక్కన కొత్త భూమి పుట్టుకురాదు.

మరి కార్లతో కోట్లు సంపాదించినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. 1962, 64 మధ్య ఫెరారీ తయారు చేసిన 250 జీటీఓలు మొత్తం 36. వాటిలో ఒకటి 2018లో అమెరికాలో జరిగిన వేలంలో నాలుగు కోట్ల 84 లక్షల డాలర్లకు పోయింది. మెర్సిడెస్ రెండే రెండు తయారు చేసిన 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హౌట్ కూపేలలో ఒకటి 2022లో 13 కోట్ల 50 లక్షల యూరోలు పలికింది. 911లలో కూడా 1973 నాటి కరెరా ఆర్‌ఎస్ 2.7 లాంటివి ఉన్నాయి. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది రేసులతో సంబంధం, తయారైన సంఖ్య తక్కువ కావడం, మళ్లీ అలాంటివి తయారు కాకపోవడం. షోరూమ్‌లో బుక్ చేసుకుంటే వచ్చే కరెరాకు ఇవేవీ ఉండవు.

అరుదైనవి కూడా ఎప్పుడూ పైకే పోవు. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ చనిపోయాక ఫెరారీల ధరలు ఆకాశానికి ఎగిసి, మూడేళ్లలోపే కుప్పకూలాయి. ఇటీవలి ఉదాహరణ కావాలంటే 2016 నాటి పోర్షే 911 ఆర్. కేవలం 991 తయారు చేశారు. మొదట్లో అసలు ధరకు కొన్ని రెట్లు పెట్టి ఎగబడి కొన్నారు. మరుసటి ఏడాదే కంపెనీ అదే తరహాలో, మాన్యువల్ గేర్లతో జీటీ3 టూరింగ్‌ను తీసుకురాగానే ఆ ధరలు దిగాయి. శిఖరం మీద కొన్నవాడికి మిగిలింది అందమైన కారు, పెద్ద నష్టం.

మన దేశంలో ఈ ఆట మరీ కష్టం. మూడేళ్లు దాటిన పాత కారును బయటి నుంచి దిగుమతి చేసుకోనివ్వరు, పాతకాలపు వింటేజ్ వాహనాలకు వేరే నిబంధనలున్నాయి. కాబట్టి లండన్‌లో ధర పెరిగిందన్న వార్త హైదరాబాద్‌లో ఉన్న కారుకు పెద్దగా పనికిరాదు. ఇక్కడ కొనేవాళ్లు కొద్దిమంది. డబ్బు అవసరమైన నెలలో ఆ కొద్దిమందిలో ఎవరికీ మీ కారు మీద మనసు లేకపోతే, వాళ్లు చెప్పిన ధరకే ఇవ్వాలి. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. దిగుమతి కార్లకు ఆ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 40 వేలు చేశారు.

ఇదంతా ఒక ఎత్తు. నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకొకటి. పెట్టుబడి అనుకుని కొన్న కారును నడపలేరు. ప్రతి కిలోమీటరూ విలువను తగ్గిస్తుందన్న భయం పట్టుకుంటుంది. మా బంధువుల్లో ఒకాయన అలాగే కొని, కవరు కప్పి, పెళ్లిళ్లకు మాత్రమే తీశారు. కారు తిరగకపోయినా వయసు ఆగలేదు. టైర్లు అరగకుండానే గట్టిపడ్డాయి, బ్యాటరీ చచ్చిపోయింది, రబ్బరు సీళ్లు ఎండిపోయాయి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి ట్యాంకులో ఉంచితే మంచిది కాదు. తక్కువ తిరిగింది కాబట్టి ఎక్కువ ధర వస్తుందని ఆశించారు, చివరికి అమ్మేటప్పుడు అంత ఎవరూ ఇవ్వలేదు. ఆ కారు అందించగల సుఖం ఒక్కరోజు కూడా ఆయన అనుభవించలేదు. నాకు ఆ నష్టం డబ్బు నష్టం కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

మీ జిల్లాకు పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకోవాలనుకున్న పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది, వెళ్లినప్పుడు చూడండి. సింహాసనం లాంటి సీటు ఉన్న ఆ కారు దాచిపెట్టినా విలువైనదే, ఎందుకంటే దాని వెనుక ఒక రాజ్యపు చరిత్ర ఉంది. మనం కొనే కార్లకు చరిత్ర మనం నడిపితేనే వస్తుంది.

సుఖం సంగతి చెబుతాను. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. 911 ఆ వేగాన్ని నాలుగు సెకన్ల చిల్లరలో అందుకుంటుంది. అంటే వేగం కోసమే కొంటే మీ సరదా నాలుగు సెకన్లలో అయిపోతుంది. అసలు సుఖం స్టీరింగ్‌లో, బ్రేకులో, మలుపులో కారు మన చేతి కింద ఒదిగే తీరులో ఉంటుంది. నేను తెల్లవారకముందే బయలుదేరి నల్లగొండ, కొండమల్లేపల్లి, దేవరకొండ మీదుగా డిండి దాకా వెళతాను. డిండి జలాశయం దగ్గర టాప్ తెరుస్తాను. అక్కడి నుంచి శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక నల్లమల మొదలవుతుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు అటవీ శాఖ గేటు మూసి ఉంటుంది కాబట్టి ఆరు దాటాక చేరేలా చూసుకుంటాను. అది పులుల అభయారణ్యం, అక్కడ వేగంగా పోకూడదు, పోవాల్సిన అవసరమూ లేదు. రెండో గేరులో, మూడో గేరులో, అడవి వాసన పీలుస్తూ ఒక్కో మలుపూ తిరుగుతుంటే వెనుక ఇంజన్ శబ్దం చెట్ల మధ్య నుంచి తిరిగి వినిపిస్తుంది. నా భార్యకు కార్లంటే ఆసక్తి లేదు, కానీ ఈ ప్రయాణానికి మాత్రం తనే గుర్తు చేస్తుంది. ఏ ఎఫ్‌డీ రసీదూ మాకు ఇలాంటి ఉదయాలు ఇవ్వలేదు.

మీకైతే ఇంకా దగ్గర. జడ్చర్ల నుంచి బెంగళూరు రహదారి ఎక్కి కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాకా పొద్దున్నే వెళ్లి రావచ్చు, రోడ్డు బాగుంటుంది.

కష్టాలు కూడా వినండి. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు ఈ కార్ల కోసం కట్టినవి కావు. 911 కొంటే ముందు భాగాన్ని సుమారు 40 మిల్లీమీటర్లు పైకి లేపే సదుపాయం తప్పకుండా తీసుకోండి, మిగతా అలంకారాలు మానేసినా సరే. కోతల కాలంలో మా వైపు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, కుప్ప చుట్టూ రాళ్లు పెడతారు. రైతుకు వేరే కల్లం లేక చేసే పని అది, మనమే చూసి నడపాలి. ఆ రోజుల్లో చీకటి పడ్డాక నేను కారు తీయను. మిల్లు దగ్గర అసలు ఉంచను, ఎలుకలు వైరింగ్ కొరుకుతాయి. మీ ఇంట్లో ధాన్యం నిల్వ ఉంటే షెడ్డు దూరంగా పెట్టుకోండి.

ఇక నేనైతే ఏం చేస్తానంటారా? పొలం డబ్బును ముందు పొలం లాంటి చోటే పెడతాను. భూమో, డిపాజిట్లో, పిల్లల చదువో, మీ ఇష్టం. అందులోంచి, మొత్తం పోయినా ఇంట్లో ఎవరి జీవితమూ మారని భాగం ఎంత ఉందో చూసుకుని, అంతలోనే కారు వెతుకుతాను. కొత్తది కాదు, తెలంగాణలోనే రిజిస్టరైన, మూడు నాలుగేళ్ల పాతది. లైఫ్ టాక్స్, మొదటి పెద్ద తరుగు రెండూ మొదటి యజమాని భరించి ఉంటాడు. ఢిల్లీ, ముంబై కార్లు చవకగా కనిపిస్తాయి కానీ ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ మళ్లీ పన్ను కట్టాలి, అది కలిపి చూస్తే చాలాసార్లు తేడా ఉండదు. పెట్రోలు 718 తయారీ 2025లో ఆగిపోయింది కాబట్టి వాటి ధర పెరుగుతుందని కొందరు డీలర్లు చెబుతున్నారు. ఆరు సిలిండర్ల జీటీ4 ఆర్‌ఎస్ లాంటి వాటికి అది జరగవచ్చు. నా కారు లాంటి నాలుగు సిలిండర్ల వాటికి జరుగుతుందని నేను నమ్మను, ఆ ఆశతో ఎవరినీ కొనమని చెప్పను.

ఇంట్లోవాళ్లకు మాత్రం పెట్టుబడి అని చెప్పకండి. నాలుగేళ్లకు ధర తగ్గినప్పుడు ఆ మాటే మీకు, వాళ్లకు మధ్య అడ్డంగా నిలబడుతుంది. ‘నాకు ఇష్టం, ఇంత ఖర్చవుతుంది, ఇంతకు మించి పెట్టను’ అని సూటిగా చెప్పండి. మా ఇంట్లో అలాగే చెప్పాను, అలాగే ఒప్పుకున్నారు.

కారు నచ్చాక బయానా ఇచ్చేముందు పోర్షే సర్వీస్ సెంటర్‌లో తనిఖీ చేయించండి. ఇంజన్ పరిమితికి మించి ఎన్నిసార్లు తిరిగిందో కారు కంప్యూటర్‌లో నమోదై ఉంటుంది, ఆ వివరం అడిగి తీసుకోండి. టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి, 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. ఐదారేళ్లు దాటితే అరగకపోయినా మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలో తగ్గించుకోండి. ఆ తనిఖీ నివేదికను ఈ జవాబు కింద పెడితే చూసి నాకు తెలిసింది చెబుతాను.