గోధుమ మానిపిస్తే పాపకి కాస్త నయంగా ఉంది, ఇంక టెస్టులెందుకు డాక్టర్ గారూ?

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లెటూరు. మావారు ఆర్మీ, పాప పుట్టిన దగ్గర్నుంచి పంజాబ్ వైపే ఉన్నాం, రెండుపూటలా చపాతీలే, పోయినేడాదే ఊరొచ్చేశాం. పాపకి ఇప్పుడు 13 ఏళ్లు. రెండేళ్లుగా కడుపుబ్బరం, తరచూ లూజ్ మోషన్స్, హిమోగ్లోబిన్ 8 దాటట్లేదు, ఐరన్ సిరప్‌లు ఎన్ని పట్టించినా అంతే. క్లాసులో అందరికన్నా పొట్టి, ఇంకా పెద్దమనిషి కాలేదు. అక్కడ మా క్వార్టర్స్‌లో ఒకమ్మాయికి ఇలాగే ఉంటే సీలియాక్ అని, గోధుమ పడని జబ్బు అన్నారని గుర్తొచ్చి నెల్రోజుల కిందట గోధుమ మానిపించేశాం. ఉబ్బరం బాగానే తగ్గింది. ఇలాగే మానేస్తే సరిపోదా? టెస్టులూ ఎండోస్కోపీ తప్పదా? అదే జబ్బయితే పాపకి ఏం పెట్టాలి?

జవాబు: అమ్మా, మీకు వచ్చిన అనుమానం మంచి అనుమానమే, ఐరన్‌కి లొంగని రక్తహీనత, ఎత్తు పెరగకపోవడం, రజస్వల ఆలస్యం, ఈ మూడూ ఒకచోట ఉంటే సీలియాక్ గురించి ఆలోచించాల్సిందే, అందులోనూ పుట్టిన దగ్గర్నుంచి చపాతీలు తిన్న పిల్ల. కానీ టెస్ట్ కాకుండా గోధుమ మానిపించడం మాత్రం సరికాదు. ఇందులో మీ తప్పేం లేదు, నా దగ్గరికొచ్చే చాలామంది ఇదే చేసి వస్తారు, ఎందుకంటే మానేస్తే తగ్గింది కదా అనిపిస్తుంది. చిక్కెక్కడంటే ఈ జబ్బుకి చేసే రక్తపరీక్ష, ఎండోస్కోపీ రెండూ గోధుమ తింటున్న మనిషిలోనే నిజం చెప్తాయి. మానేసినకొద్దీ రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు కూడా మానుతూ వస్తుంది, అప్పుడు జబ్బున్నా రిపోర్ట్ నార్మల్ అని వచ్చేస్తుంది.

మీరు ఆపి నెలే అయింది కాబట్టి ఇంకా ఛాన్స్ ఉంది. ఈ వారంలోనే రక్తం ఇచ్చేయండి. అడగాల్సింది రెండు టెస్టులు, సీలియాక్ యాంటీబాడీలని చూసే టీటీజీ ఐజీఏ, దాంతోపాటు ఒంట్లో ఐజీఏ రకం యాంటీబాడీలు మొత్తం ఎంతున్నాయో చెప్పే టోటల్ ఐజీఏ. రెండోది చాలా ల్యాబుల్లో మీరు అడిగితే తప్ప చెయ్యరు, కానీ కొంతమందిలో పుట్టుకతోనే ఐజీఏ తక్కువుంటుంది, వాళ్లలో మొదటి టెస్ట్ ఊరికే నెగటివ్ వచ్చేస్తుంది, అందుకని. శాంపిల్ పెద్ద ల్యాబుకి పంపాలి కాబట్టి రిపోర్ట్ కొన్ని రోజులు ఆలస్యం అవ్వొచ్చు, కంగారుపడకండి. వందలకొద్దీ ఆహార పదార్థాలకి ఒకేసారి టెస్ట్ చేస్తామనే ప్యాకేజీలు అమ్ముతుంటారు చూడండి, వాటి జోలికి వెళ్లొద్దు, వాటితో సీలియాక్ తేలదు, పైగా పాలు గుడ్లు కూడా మానిపించేసి పిల్లని ఇంకా నీరసపెట్టేస్తారు.

టీటీజీ పాజిటివ్ వస్తే దారి దొరికినట్టే. నెగటివ్ వస్తే మాత్రం లేదని తీర్మానించుకోవద్దు, అప్పుడు డాక్టర్‌తో మాట్లాడి మళ్లీ రోజుకి రెండు చపాతీల లెక్కన ఓ ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టి మళ్లీ పరీక్ష చేయించాలి. బాగా తగ్గిన పిల్లకి మళ్లీ ఆ తిండే పెట్టడం తల్లికి ఎంత కష్టమో నాకు తెలుసు. మళ్లీ విరేచనాలు ఎక్కువైపోతే మొత్తం గడువు ఆగక్కర్లేదు, రెండు వారాలు దాటాక డాక్టర్‌ని అడిగి ముందే పరీక్ష చేయించొచ్చు. జీన్ టెస్ట్ అని ఇంకోటుంది, హెచ్ఎల్ఏ డీక్యూ2, డీక్యూ8 అంటారు, అది గోధుమ తిన్నా మానేసినా మారదు. రెండూ లేవని వస్తే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నాయని వస్తే మాత్రం జబ్బు ఉన్నట్టు కాదు, మనలో సుమారు మూడోవంతు మందికి ఆ జీన్స్ ఉంటాయి.

మన దగ్గర డాక్టర్లకి ఇది చప్పున తట్టకపోవడానికీ కారణం ఉంది. 2016లో వచ్చిన ఒక స్టడీలో ఉత్తరాదిలో నూటికి ఒకరికి పైగా ఈ యాంటీబాడీలు కనిపిస్తే దక్షిణాదిలో వెయ్యికి ఒకరిలోనే కనిపించాయి. జీన్స్ రెండుచోట్లా ఇంచుమించు ఒకేలా ఉన్నాయి, తేడా అంతా తిండిలోనే, అక్కడ మనిషి రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ తింటే ఇక్కడ 25 గ్రాములే. మీ పాప జీన్స్ ఇక్కడివి, తిండి అక్కడిది, ఈ సంగతి డాక్టర్‌కి మీరే నోరు విప్పి చెప్పాలి, ఓపీ రద్దీలో పఠాన్‌కోట్‌లో ఉన్నారా అంబాలాలో ఉన్నారా అని ఎవరూ అడగరు. ఇప్పుడు షుగర్ పేరు చెప్పి మన విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లలోనూ రాత్రిపూట చపాతీ వచ్చేసింది కాబట్టి ముందుముందు ఇక్కడ కూడా కేసులు బయటపడతాయనే నా అభిప్రాయం.

ఇంకో మాట. గోధుమ మానేస్తే ఉబ్బరం తగ్గింది అన్నంత మాత్రాన అది సీలియాక్ అయిపోదు. గోధుమలో ఫ్రక్టాన్స్ అనే పిండిపదార్థం ఉంటుంది, అది సరిగ్గా అరగనివాళ్లకి కూడా గ్యాస్ పడుతుంది, మానేస్తే తగ్గుతుంది, వాళ్ల పేగుకి ఏ నష్టమూ ఉండదు. ఇక రక్తహీనతకి మన పల్లెల్లో నులిపురుగులు, ముఖ్యంగా చెప్పుల్లేకుండా మట్టిలో తిరిగితే పట్టే కొంకి పురుగులు పెద్ద కారణం, జియార్డియా అనే పేగు పరాన్నజీవి, పేగు టీబీ కూడా చూడాలి, థైరాయిడ్ చూడాలి. మోషన్ టెస్ట్ చవకే, అది ముందు చేయించండి. టెస్ట్ చెయ్యకుండా గోధుమ మానేసి కూర్చుంటే వీటిలో ఏదున్నా దాని కిందే దాగిపోతుంది, నా భయం అదే.

ఎండోస్కోపీ గురించి. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రోటీన్, పిండి కలిపితే సాగేది దానివల్లే. సీలియాక్ ఉన్నవాళ్లలో అది పడగానే శరీరం తన చిన్నపేగు మీద తనే దాడి చేస్తుంది. పేగు లోపల టర్కీ టవల్ పోగుల్లా సన్నటి విల్లై ఉంటాయి, తిన్నదాన్ని పీల్చుకునేది అవే, అవి అరిగి చదునైపోతే ఎంత ఐరన్ పోసినా ఒంటికి పట్టదు. పట్టించిన సిరప్‌లన్నీ పనిచెయ్యకపోవడం ఇందువల్ల కావచ్చు. ఎండోస్కోపీలో ఆ చోటునుంచి నాలుగైదు ముక్కలు తీస్తారు, బియ్యపు గింజకన్నా చిన్నవి, నొప్పి తెలీదు. ఆరేడు గంటలు ఖాళీ కడుపుతో వెళ్లాలి, పిల్లలకి మత్తిచ్చి చేస్తారు, పావుగంట పని. పైకి నార్మల్‌గా కనిపించినా బయాప్సీ తియ్యమని ముందే చెప్పండి, కంటికి బాగున్న పేగులో కూడా మైక్రోస్కోప్ కింద జబ్బు కనిపిస్తుంది. టీటీజీ లిమిట్‌కి పది రెట్లు దాటి, రెండో శాంపిల్‌లో ఈఎంఏ అనే ఇంకో యాంటీబాడీ టెస్ట్ కూడా పాజిటివ్ అయితే పిల్లల్లో కొంతమందికి ఎండోస్కోపీ లేకుండానే నిర్ధారిస్తారు, అది మీ గ్యాస్ట్రో డాక్టర్ తేల్చాల్సిన విషయం.

ఇక జబ్బు ఖాయమైతే తిండి. మందు అంటూ వేరే లేదు, గ్లూటెన్ మానడమే మందు, అదీ పూర్తిగా, జీవితాంతం. పండక్కి ఒక్క బొబ్బట్టు తిన్నా పేగు మళ్లీ పాడవడం మొదలవుతుంది, పైకి ఏమీ తెలీకపోవచ్చు, అదే ప్రమాదం. ఉత్తరాది తల్లులతో పోలిస్తే మీకు ఇంట్లో సుఖమే. అన్నం, పప్పు, చేపలు, గుడ్లు, కూరలు, పెరుగు, చోడి (రాగి) అంబలి, గంట్లు (సజ్జలు), కొర్రలు, సామలు, ఇడ్లీ, మినపట్టు, దిబ్బరొట్టి అన్నీ పర్లేదు. అరిసెలు, పోకుండలు, జంతికలు ఇంట్లో చేసుకుంటే పర్లేదు. వద్దనేవి చపాతీ, పూరీ, మైదా, సేమియా, బ్రెడ్, రస్కు, బిస్కెట్లు, నూడుల్స్, కాజాలు, గవ్వలు, ఇంకా హార్లిక్స్, బోర్న్‌విటా లాంటివి, పిల్ల సన్నగా ఉందని అందరూ కొనిచ్చేది అదే కదా, వాటిలో బార్లీ మాల్ట్ ఉంటుంది. రవ్వ దగ్గర జాగ్రత్త, ఇడ్లీ రవ్వ బియ్యానిది, బొంబాయి రవ్వ గోధుమది. ఇంగువ డబ్బా వెనక చదవండి, చాలావాటిలో మైదా కలుపుతారు. ఓట్స్‌కి కూడా గోధుమ కలుస్తుంటుంది కాబట్టి మొదటి ఏడాది వద్దు. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే మన ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, కానీ ఆ ఖరీదైన ప్యాకెట్లు మీకు అక్కర్లేదు.

అందరూ మర్చిపోయేది పిండి మర. మీకన్నా ముందు ఎవరో గోధుమలు ఆడించుకుని వెళ్తారు, ఆ పిండి రాళ్ల మధ్యా, గొట్టానికి కట్టిన గుడ్డలోనూ ఉండిపోతుంది, తర్వాత మీ చోళ్లు పోస్తే మొదట రాలేది కలగలుపు పిండే. ఇంట్లో ఎంతో శ్రద్ధగా చేస్తున్నాం, టీటీజీ మాత్రం దిగట్లేదు అని వచ్చేవాళ్లని నేను ముందు అడిగేది పిండి ఎక్కడ ఆడిస్తున్నారనే. గింజలు కొని కడిగి ఎండబెట్టి ఇంట్లో మిక్సీ పట్టుకోండి, లేదా బియ్యం ఒక్కటే ఆడించే మర చూసుకోండి. చపాతీ పీట, కర్ర, జల్లెడ పాపకి వేరే ఉండాలి, స్టీలు గిన్నెలు బాగా తోముకుంటే చాలు. పూరీలు వేయించిన నూనెలో పాపకి అప్పడం వెయ్యొద్దు.

బయట కష్టం ఎక్కువ. ప్రసాదం వద్దనడం మనవాళ్లకి ప్రాణం మీదికొస్తుంది, కానీ అన్నవరం ప్రసాదం గోధుమ నూకే, ఇంట్లో వ్రతానికి చేసేది కూడా చాలావరకు రవ్వే. కళ్లకద్దుకుని పక్కవాళ్లకి ఇచ్చెయ్యమనండి, పాపకి బెల్లం ముక్కో అరటిపండో చేతిలో పెట్టండి. పెళ్లిభోజనాల్లో బూరె పైపూతలో మైదా కలిపారా, సాంబార్‌లో ఏ ఇంగువ వేశారు అని వంటవాళ్లని మొహమాటం లేకుండా అడగండి, తెలీకపోతే అన్నం, పెరుగు, ఇంటినుంచి తెచ్చిన కూర. స్కూల్లో క్లాస్ టీచర్‌కి ఒక కాగితం రాసివ్వండి. అన్నిటికన్నా ముందు పాపకి అర్థమయ్యేలా చెప్పండి, 13 ఏళ్ల పిల్లకి తెలియక కాదు, ఫ్రెండ్ బిస్కెట్ ఇస్తే వద్దంటే ఏమనుకుంటారో అని తినేస్తుంది, అలా తిన్నరోజు తిట్టకండి, తిడితే దాచడం నేర్చుకుంటుంది.

నేను తొందర పెడుతున్నది ఎందుకంటే పాప ఎముకలు ఇంకా పెరిగే వయసులో ఉన్నాయి. రజస్వల అయ్యి రెండేళ్లు దాటితే ఎత్తు పెరిగే అవకాశం బాగా తగ్గిపోతుంది, ఇప్పుడే పట్టుకుంటే చాలామంది పిల్లలు వెనకబడ్డ ఎత్తు, బరువు అందుకుంటారు. "గుంట సన్నగా ఉంది, అదే సర్దుకుంటాది" అని పెద్దవాళ్లు అంటే ఈ విషయంలో వినొద్దు. ఐరన్ మాత్రం ఆపకండి, టీతో కాకుండా ఇవ్వండి, నోటిద్వారా పట్టకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది. బీ12, ఫోలిక్ యాసిడ్, విటమిన్ డి ఒకసారి చూపించండి. పాలు పడకపోతే కొన్నాళ్లు పెరుగుతో గడపండి, పేగు మానాక పాలు మళ్లీ పడతాయి. ఆరు నెలలకి, ఏడాదికి టీటీజీ మళ్లీ చేయించాలి, దిగుతూ ఉండాలి, పూర్తిగా నార్మల్ అవడానికి ఏడాదీ రెండేళ్లూ పట్టొచ్చు.

పాపకి ఖాయమైతే మీ ఇద్దరికీ, తోడబుట్టినవాళ్లుంటే వాళ్లకీ అదే రక్తపరీక్ష చేయించండి, ఏ బాధా లేకపోయినా సరే, దగ్గరి రక్తసంబంధీకుల్లో సుమారు పదిమందికి ఒకరిలో ఇది ఉంటుంది. అప్పటిదాకా వాళ్లెవరూ గోధుమ మానొద్దు.